నెపం లేని నడక

(స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



నగరంలో స్త్రీల విశ్రాంతి గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచినప్పుడు, ఇప్పుడు మీలో కొందరి ముఖాల్లో కనిపిస్తున్న ప్రశ్నే ముందు నాకూ వచ్చింది. గృహహింస కేసులు, పొలం పట్టాలు, కూలి రేట్లు, అంగన్‌వాడీ కార్యకర్తల జీతాలు - ఇన్ని మన నెత్తిమీద వుండగా, చదువుకుని ఉద్యోగం చేసే ఒకావిడ వేసవి సెలవుకి ఏ పేటలో గది వెతుక్కుంది, అక్కడ ఎన్ని చెట్లున్నాయి, పొద్దున్నే ఎటు నడిచింది అన్నది మనకెందుకు? ఇది తీరికున్న మధ్యతరగతి కబురు కాదా?

ఆ ప్రశ్నని నేను దాటవెయ్యను. చివరికి దాని దగ్గరికే వస్తాను. ఒక్కటి మాత్రం ముందుగా గుర్తుచేస్తాను. చిన్నవిగా కనిపించే సంగతుల్నే ముందు అనుమానించాలని స్త్రీవాదం మనకి నేర్పింది. ఇంట్లో అంట్లు ఎవరు తోముతున్నారు అన్నది కూడా ఒకప్పుడు చిల్లర ప్రశ్నే.

నాకు నలభై ఆరేళ్ళు. రక్తంలో చక్కెర హద్దు మీద వుందని తేలాక, రోజూ ముప్పావుగంట నడవమని డాక్టరు చెప్పారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే ఎవరూ అభ్యంతరపెట్టలేదు. అంతకుముందు ఇరవయ్యేళ్ళూ "కాస్త అలా నడిచొస్తాను" అంటే "ఎక్కడికి? ఎందుకు? ఇప్పుడా?" అని మూడు ప్రశ్నలు వచ్చేవి. చీటీ మీద మందులా రాసిచ్చాకే నడక నాకు హక్కయింది. మన కాలనీల్లో పొద్దున్నే చీరల మీద కాన్వాసు బూట్లు తొడుక్కుని నడిచే ఆడవాళ్ళని చూడండి. సుగరో మోకాళ్ళ నొప్పులో రాకముందు ఈ అనుమతి ఎంతమందికి వుండేదో అడగండి. జబ్బు పడితే తప్ప ఆడది ఊరికే నడవకూడదని ఎక్కడా రాసిలేదు. అయినా అమలవుతూనే వుంది.

విశ్వవిద్యాలయాల్లో సబాటికల్ అని ఒక సెలవు వుంది. యూజీసీ నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసరుగానో ప్రొఫెసరుగానో ఏడేళ్ళు పనిచేసిన శాశ్వత అధ్యాపకులకి, చదువు కోసం, పరిశోధన కోసం ఒక విడతలో ఏడాదికి మించకుండా, మొత్తం ఉద్యోగకాలంలో రెండేళ్ళకి మించకుండా దీన్ని ఇవ్వొచ్చు. నేను పనిచేసే చోట అలాంటి నియమం లేదు. అందుకని పోగుచేసుకున్న సెలవులన్నీ కలిపి 2025 ఏప్రిల్, మే నెలలు తీసుకున్నాను. దరఖాస్తులో "కారణం" అనే గడి దగ్గర నా కలం ఆగిపోయింది. అంతవరకూ నేను రాసిన కారణాలు గుర్తుచేసుకున్నాను. ప్రసూతి. పిల్లవాడికి టైఫాయిడ్. అత్తగారి కంటి ఆపరేషను. నాన్న పోవడం. పిల్లవాడి పదో తరగతి పరీక్షలు. "నా కోసం" అని రాసిన దరఖాస్తు ఒక్కటీ లేదు.

చట్టం ఆలోచించే తీరు కూడా ఇదే. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలయింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకి పిల్లల సంరక్షణ కోసం మొత్తం సర్వీసులో 730 రోజుల సెలవుంది. ఇవి పోరాడి సాధించుకున్నవి, వాటిని నేను తక్కువ చెయ్యను. ప్రసూతి సెలవులో మన ఒంటికి కూడా కొంత వాటా వుంది. కానీ స్త్రీలకంటూ ప్రత్యేకంగా వున్న సెలవులన్నీ చాలావరకు ఇంకొకరిని చూసుకోవడానికే. అంటే జీతం వచ్చే పని ఆపి జీతం రాని పని చెయ్యడానికే.

సబాటికల్ అనే మాట యూదుల సబ్బాతు నుంచి వచ్చింది. ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు ఆపెయ్యాలి. ఆరేళ్ళు భూమి దున్ని ఏడో ఏట బీడుగా వదిలెయ్యాలి. ఆ ఏడు దానంతట అది పండినదాన్ని పేదలు, కూలీలు, పరదేశులు కూడా తినొచ్చు. ఈ నియమంలో రెండు విషయాలు నన్ను ఆకట్టుకున్నాయి. ఒకటి, యజమాని ఒక్కడే విశ్రాంతి తీసుకుంటే అది సబ్బాతు కాదు, అతని కింద పనిచేసేవాళ్ళు కూడా ఆగాలి. రెండోది, ఆ రోజు ఎవరెవరు పని మానాలో చెప్పే జాబితా. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువులు, నీ ఇంట వున్న పరదేశి - ఇంతమంది వున్నారు. భార్య పేరెత్తలేదు. బహుశా "నువ్వు" అన్నదాంట్లో ఆమె కూడా వుందని పండితులు చెప్పొచ్చు. కానీ మిగతా వాళ్ళందరూ ఆగిన రోజున కూడా ఇంట్లో అన్నం ఎవరు వడ్డించి వుంటారో మనకి తెలియనిది కాదు. ఈ రెండు విషయాలూ దృష్టిలో పెట్టుకోండి, మళ్ళీ వీటి దగ్గరికి వస్తాను.

ఇక చోటు ఎంచుకోవడం గురించి. రాయవలసిన పుస్తకం వుంది. హైదరాబాదు ఎండ తప్పించుకోవాలి. చెట్లు, నీళ్ళు దగ్గర్లో వుండాలి. నాకు బండి నడపడం రాదు కాబట్టి కూరలకి, మందులకి, బస్సుకి, చెరువు గట్టుకి కాలినడకనే వెళ్ళగలగాలి. మూడు చోట్లు అనుకున్నాను. ఊటీలో చల్లగా వుంటుంది గానీ ఆ రెండు నెలలు యాత్రికుల తిరనాళ్ళు, పైగా ఆ కొండదారుల్లో ప్రతిదానికీ బండి కావాలి. విశాఖపట్నంలో సముద్రమూ కొండలూ వున్నాయి గానీ మే నెల ఉక్కపోత వుంది, దానికి మించి మా బంధువులున్నారు. బంధువులున్న ఊళ్ళో ఆడదానికి సెలవు దొరకదు. మూడోది బెంగుళూరులో మల్లేశ్వరం.

మల్లేశ్వరం ఆ నగరంలోని పాత పేటల్లో ఒకటి. 1898లో బెంగుళూరుని ప్లేగు పట్టుకున్నప్పుడు, ఇరుకు పేటల నుంచి జనాన్ని బయటికి తెచ్చి, గాలీ వెలుతురూ వుండే విశాలమైన బస్తీలుగా పెంచిన వాటిలో ఇదీ, బసవనగుడీ ముఖ్యమైనవి. నిలువుగా పెద్ద వీధులు, అడ్డంగా నంబర్లేసిన క్రాసులు. ఒకటి సంపిగె రోడ్డు, అంటే మన సంపెంగ. ఇంకొకటి మార్గోసా రోడ్డు, అంటే వేప. ఎనిమిదో క్రాసు దగ్గర పూలు, కూరలు, పూజసామాను అమ్మే బజారు. 2014లో సంపిగె రోడ్డు దాకా మెట్రో వచ్చింది. పేట కొసన శ్యాంకీ చెరువు. 1882లో నగరానికి నీళ్ళ కోసం కల్నల్ రిచర్డ్ శ్యాంకీ కట్టించింది. ఇప్పుడు దాని చుట్టూ నడిచే దారి వుంది, నీటికాకులు, కొంగలు కనిపిస్తాయి.

గది ఖాయం చేసుకోవడానికి ముందు నేనొక పని చేశాను. మీ సంఘాలు కూడా చెయ్యగలిగినది కాబట్టి చెప్తున్నాను. ఆ పేటని ఒకే రోజు నాలుగుసార్లు నడిచి చూశాను. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి. ఇది నా సొంత ఆలోచన కాదు. ఒక ప్రాంతంలో వుండే స్త్రీలే గుంపుగా నడిచి, ఎక్కడ దీపం లేదు, ఎక్కడ గోడ అడ్డొస్తోంది, ఎక్కడ భయమేస్తోంది అని రాసుకునే భద్రతా తనిఖీ పద్ధతి 1989లో కెనడాలోని టొరంటోలో మొదలైంది. ఢిల్లీలో జాగోరి సంస్థ దీన్ని మన పరిస్థితులకి తగ్గట్టు చేపట్టింది. పేట పొద్దున ఒకలా, రాత్రి ఒకలా వుంటుంది. ఇల్లు చూపించే బ్రోకరు ఎప్పుడూ పదకొండింటికి రమ్మంటాడు.

రాత్రి తొమ్మిదింటికి ఎందుకు? తెలుగునాట స్త్రీల ఉద్యమం ఎలా మొదలైందో తెలిసిన మీకు వేరే చెప్పక్కరలేదు. 1978లో హైదరాబాదులో రమీజాబీ భర్తతో కలిసి సినిమా చూసి రాత్రిపూట తిరిగొస్తోంది. పోలీసులు పట్టుకుని స్టేషనుకి తీసుకుపోయారు. ఆమె మీద అత్యాచారం చేశారు, అడ్డుపడిన భర్తని కొట్టి చంపారు. ఊరు ఊరంతా రగిలింది. ఆ తర్వాత విచారణలో ఆమె శీలం గురించే ప్రశ్నలు. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో ఇంకొక అమ్మాయి, ఆమె కూడా స్నేహితుడితో సినిమా చూసి ఇంటికి వెళ్తోంది. ముప్పైనాలుగేళ్ళ తేడా. రెండుసార్లూ సమాజం మొదట అడిగిన ప్రశ్న ఒకటే: ఆ వేళప్పుడు బయట ఏం పని? పని వుంటేనే ఆడది బయట వుండొచ్చు, అది కూడా రుజువు చేసుకోగలిగితేనే. 2011లో వచ్చిన "వై లాయిటర్?" అనే పుస్తకంలో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే బొంబాయి స్త్రీల గురించి చెప్పింది ఇదే. భద్రత పేరుతో మనకి ఇచ్చేది కాపలా మాత్రమే. అడగవలసింది ఏ పనీ లేకుండా బయట వుండే హక్కు.

మన భాషలో దీనికి మంచి మాట వుంది: నెపం. మా అమ్మకి సాయంత్రం గాలి పోసుకోవాలనిపిస్తే కరివేపాకు అయిపోయేది. గుడి ఒక నెపం, టైలరు ఒక నెపం, పక్కింటావిడకి పచ్చడి ఇచ్చిరావడం ఒక నెపం. వర్జీనియా ఉల్ఫ్ 1927లో లండను వీధుల్లో సాయంత్రపు నడక గురించి ఒక వ్యాసం రాసింది. అందులో కూడా ఆవిడ బయటికి వెళ్ళడానికి ఒక పెన్సిలు కొనాలన్న నెపం పెట్టుకుంది. స్త్రీకి సొంత గది కావాలని 1929లో చెప్పిన మనిషికి కూడా సొంత వీధి దగ్గరికొచ్చేసరికి పెన్సిలు కావలసివచ్చింది. లండనులో పెన్సిలు, మన ఇళ్ళల్లో కరివేపాకు.

గది దొరకడం దగ్గర అసలు సంగతులు బయటపడ్డాయి. "ఒక్కరేనా? మీవారు రారా?" "రాత్రి ఎన్నింటికి వస్తారు?" "మగవాళ్ళెవరైనా వస్తుంటారా?" ఈ ప్రశ్నలకి నేను సిద్ధపడే వెళ్ళాను. సిద్ధపడనిది ఇంకొకటి. టూలెట్ బోర్డుల మీదే "శాకాహారులకు మాత్రమే" అని రాసుంది. ఒక ఇంటావిడ నన్ను మీరేమిటోళ్ళని అడగలేదు. నా ఇంటిపేరు విని, నా మాటతీరు చూసి తనకి తానే ఒక నిర్ణయానికి వచ్చి, తాళంచెవి చేతిలో పెట్టింది. నేనేమీ అనలేదు. ఆ మౌనం వల్లనే నాకు గది దొరికింది. నా కింద పరిశోధన చేసిన దళిత అమ్మాయి అదే గుమ్మం ముందు నిలబడితే ఏమయ్యేదో నాకు తెలుసు. నడవడానికి వీలుగా వుండే పేట అంటాం. ఎవరి నడకకి వీలు అన్న ప్రశ్న గడప దగ్గరే మొదలవుతుంది. ఈ సంగతి దాచుకుని మిగతాది మీకు చెప్పడం నిజాయితీ కాదనిపించింది.

సరే, గదిలో దిగాను. మొదటి వారం పొద్దున్నే లేచి ఎవరికీ కాఫీ పెట్టనవసరం లేకపోవడం తప్పు చేస్తున్నట్టనిపించింది. ఇంటికి రోజుకి మూడుసార్లు ఫోన్ చేసేదాన్ని. రెండో వారానికి ఒకసారికి తగ్గింది. చెరువుదాకా పదిహేను ఇరవై నిమిషాల నడక. గుల్‌మొహర్లు ఎర్రగా విరగబూసి వున్నాయి. కానుగ చెట్ల కింద నేలంతా లేత రంగు పూలు. అప్పుడప్పుడు సాయంత్రం ఒక జల్లు కురిసి, తడి మట్టి వాసన. నెపం లేకుండా నడవడం నేర్చుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. అంతవరకు చేతిలో సంచి పట్టుకునే వెళ్ళేదాన్ని, సంచి వుంటే పనిమీద పోతున్నట్టు వుంటుందని. పదకొండో రోజు సంచి గదిలో వదిలేశాను. నలభై ఆరేళ్ళ మనిషికి అదొక సాహసం. నవ్వకండి. మీరూ ఒకసారి ఉత్త చేతుల్తో రోడ్డు మీదికి వెళ్ళి చూడండి.

ఆ పేటలో ఇళ్ళ వరసల వెనక సన్నని సందులున్నాయి. వాటిని కన్సర్వెన్సీ సందులంటారు. వాహనాల రద్దీ వుండదు, నీడ వుంటుంది. పెద్ద రోడ్డు మీద ఫుట్‌పాత్ రాళ్ళు ఊడిపోయి, ట్రాన్స్‌ఫార్మర్లు, స్కూటర్లు అడ్డంగా వుంటే నేను ఈ సందుల్లోంచే నడిచేదాన్ని. నాకు చాలా నచ్చేవి. ఒకరోజు పొద్దున సందు ఊడుస్తున్న ఒకామె నా ఫోను మాటలు విని పలకరించింది.

"మీరు తెలుగోళ్ళా మేడమ్?"

"అవునమ్మా. మీది ఏ వూరు?"

"హిందూపురం తట్టు అంటారు. నేను పుట్టింది మాత్రం ఈడనే."

బెంగుళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, వాళ్ళలో చాలా ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. రెండు మూడు తరాల కిందట రాయలసీమ నుంచి, సరిహద్దు పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు. ఈ సందులు భలే వున్నాయని నేనంటే ఆమె చీపురు ఆపి నా వంక చూసింది.

"మా అవ్వ ఈ సందుల్లోనే పని చేసిందక్కా. అప్పుడు బకెట్లు."

ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది. ప్లాను గీసినవాళ్ళు ఇళ్ళ వెనక సందులెందుకు వదిలారంటే, మరుగుదొడ్ల మలం ఎత్తేవాళ్ళు ముందు వీధిలో కనపడకుండా వెనక నుంచే వచ్చి వెనక నుంచే పోవడానికి. నేను సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసిన మనిషిని, ఈ సంగతి చదివి వున్నాను కూడా. అయినా నెలరోజులుగా ఆ సందుల్లో నీడ చూశాను గానీ ఆ నీడ ఎవరికోసం వదిలిందో తలుచుకోలేదు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. వాటి అమలు కోసం పోరాడుతున్న సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకులు బెజవాడ విల్సన్ కూడా ఆ పక్కనే కోలారు బంగారు గనుల ప్రాంతంలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబంలో పుట్టినవారే.

ఆ తర్వాత మేమిద్దరం రోజూ నాలుగు మాటలు చెప్పుకునేవాళ్ళం. మేడమ్ కాస్తా అక్కనయ్యాను. ఆమె చీకటితో ఇల్లు వదిలి, రెండు బస్సులు మారి వచ్చేది. పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగేది కాదు. ఎందుకంటే, "తాగితే పొయ్యేదెక్కడికి అక్కా?" అంది. నేను నా ఆరోగ్యం కోసం రోజుకి నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నానని గర్వపడుతున్నాను. ఆమె నడిచే దూరం ఎవరూ కొలవలేదు. ఆమెకి కూడా మోకాళ్ళ నొప్పులున్నాయి, నడవమని ఏ డాక్టరూ చీటీ రాయలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె సందు చివర రాయి మీద ఎండలో కూర్చుని టిఫిను డబ్బా విప్పుతోంది. పక్కనే ఒక చిన్న పార్కు. చెట్టుకింద బెంచీ ఖాళీగా వుంది, రమ్మన్నాను. "అది మేము ఊడ్చే బెంచీ అక్కా, కూర్చునేది కాదు," అంది. నేను బలవంతం చేస్తే వచ్చి బెంచీ చివర కూర్చుంది. రెండు నిమిషాల్లో కాపలా మనిషి వచ్చి ఆమెని లేవమన్నాడు. నన్నేమీ అనలేదు. నేను గట్టిగా మాట్లాడాను. అతను వెనక్కి తగ్గాడు. కానీ ఆమె అప్పటికే డబ్బా మూసేసి లేచింది. "మీరు రెండు నెల్లకి పోతారు. నేను దినమూ ఈడికే రావాల కదా," అంది. నా ఆవేశం ఖరీదు ఆమె చెల్లించవలసి వస్తుందని నాకు తట్టనేలేదు. మన పనిలో ఇలాంటి తప్పు మనం ఎన్నిసార్లు చేశామో ఆలోచించండి.

అయితే ఆమె నిస్సహాయురాలని అనుకోకండి. 2022 జులైలో పౌరకార్మికులు పని ఆపేసి, ఉద్యోగాలు ఖాయం చెయ్యమని సమ్మె చేశారు. అందులో ఆమె వుంది. నేను అక్కడ వుండగానే, 2025 మే 1న, ముఖ్యమంత్రి పన్నెండు వేలమందికి పైగా నియామకపత్రాలు ఇచ్చారు. ఆమెకీ వచ్చింది. మిఠాయి తెచ్చింది. "చెత్త బండ్లోళ్ళకి రాలేదు, అది ఇంకా వుంది," అని కూడా చెప్పింది.

ఇప్పుడు మొదట్లో వదిలేసిన ప్రశ్న దగ్గరికి వస్తాను. ఇది తీరికున్నవాళ్ళ కబురేనా? నేను ఒక్కదాన్నే చెట్టునీడలో నడిచి, ఆరోగ్యం బాగుచేసుకుని తిరిగొస్తే అంతే. యజమాని ఒక్కడే ఆగిన సబ్బాతు అది. కానీ ఆ పేట నాకు ఎందుకు నడవడానికి వీలుగా వుందో లెక్క తీస్తే వేరే సంగతి తేలుతుంది. వీధి శుభ్రంగా వుండటానికి కారణం తెల్లవారకముందే వచ్చిన స్త్రీలు. రాత్రి తొమ్మిదింటికి నాకు భయం వెయ్యకపోవడానికి కారణం ఎనిమిదో క్రాసులో గంప ముందు కూర్చుని పూలమాలలు కట్టే ఆడవాళ్ళు. జేన్ జేకబ్స్ 1961లోనే చెప్పింది, వీధిని కాపాడేది వీధి మీద వుండే కళ్ళని. నిర్భయ నిధితో బెంగుళూరులో, హైదరాబాదులో కూడా కెమెరాలు పెట్టారు. జరిగినదాన్ని కెమెరా చూపిస్తుంది. జరగకుండా కేక పెట్టేది పూలమ్మే మనిషి. అలాంటి మనిషిని ఫుట్‌పాత్ ఖాళీ చేయించే పేరుతో తరిమేసి, ఆ తర్వాత స్త్రీల భద్రత గురించి సభలు పెడతారు.

కాబట్టి నడిచే హక్కుని మనం హక్కుల భాషలోనే మాట్లాడాలి. చేతిలో కొన్ని ఆధారాలున్నాయి. ఫుట్‌పాత్‌లో నడవడానికి ఏ అడ్డూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు వుండాలని, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. 1.8 మీటర్లంటే మన చీర పన్నాకి ఒకటిన్నర రెట్లకి కాస్త ఎక్కువ. చీర అడ్డంగా పట్టుకుని మీ వీధి కొలిచి చూడండి. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. వెంటనే ఎవరైనా దీన్ని చూపించి వీధి వ్యాపారుల్ని తొలగించమనొచ్చు. అప్పుడు మనం 2014 వీధి వ్యాపారుల చట్టాన్ని కూడా పక్కనే పెట్టాలి. ఆ చట్టం ప్రకారం పట్టణ వ్యాపార కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు నలభై శాతానికి తగ్గకూడదు, వాళ్ళలో మూడోవంతు స్త్రీలు వుండాలి. మీ ఊళ్ళో ఆ కమిటీ వుందా, వుంటే ఆ స్త్రీలు ఎవరు అని అడగండి. నడిచే స్త్రీకీ అమ్ముకునే స్త్రీకీ తగాదా పెట్టే పని మనం చెయ్యొద్దు.

పార్కుల వేళలు ఇంకొకటి. బెంగుళూరులో నగరపాలిక పార్కులు చాలాకాలం మధ్యాహ్నం మూసి వుండేవి. 2024లో పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా తెరిచి వుంచాలని నిర్ణయించారు. మధ్యాహ్నం ఎవరికి తీరిక? నాలుగిళ్ళల్లో పొద్దుటిపని ముగించి సాయంత్రపు పనికి ముందు గంటసేపు ఎక్కడైనా నడుం వాల్చాలనుకునే స్త్రీలకి. మీ పట్టణంలో పార్కు గేటు మీద రాసిన వేళలు చూస్తే అది ఎవరి కోసం కట్టిందో తెలిసిపోతుంది. గేటు తెరిచినా బెంచీ దగ్గర ఇంకొక గేటు వుంటుందని నేను కళ్ళారా చూశాను.

బస్సు కూడా నడకలో భాగమే. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి ఆ రాష్ట్రపు స్త్రీలకి బస్సు ప్రయాణం ఉచితం. నాది హైదరాబాదు చిరునామా కాబట్టి నేను టికెట్టు కొన్నాను. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఇలాంటి పథకాలే మొదలయ్యాయి. "ఉచితం కదా అని ఊరికే తిరుగుతున్నారు" అనే ఎగతాళి మీరు ఈపాటికి వినే వుంటారు. ఈసారి వింటే "అవును, ఊరికే తిరుగుతున్నారు, తిరగనివ్వండి" అని జవాబు చెప్పండి. ఊరికే తిరగడం మగవాడికి పుట్టుకతో వచ్చింది. మనకి జీరో టికెట్టుతో వచ్చింది.

చెట్ల సంగతి కూడా ఇందులోదే. 2023లో శ్యాంకీ రోడ్డు మీద ఫ్లైఓవరు వేసి రోడ్డు వెడల్పు చేస్తామంటే స్థానికులు చెట్ల కోసం, చెరువు కోసం నిరసన నడకలు చేశారు, ఆ పని అప్పటికి ఆగింది. కార్లు రెండు నిమిషాలు ముందు చేరడానికి చెట్టు కొట్టేస్తే, ఆ ఎండ ముందుగా పడేది ఊడ్చే మనిషి మీద, గంప ముందు కూర్చున్న మనిషి మీద.

చివరిగా మన ఇంటి సంగతి. మన సంస్థల్లో క్షేత్ర కార్యకర్తలు ప్రాజెక్టు నడిచినంతకాలం పనిచేస్తారు. రాత్రి పదకొండింటికి ఫోను మోగితే పోలీసు స్టేషనుకి పరిగెత్తుతారు. వాళ్ళకి ఏడేళ్ళకి కాదు, ఏడాదికైనా ఒక నెల జీతంతో కూడిన సెలవు వుందా? కారణం అన్న గడిలో "విశ్రాంతి" అని రాస్తే మనం సంతకం పెడతామా? నేను సెలవు తీసుకోగలిగాను. మా ఆఫీసు తుడిచే ఆమె తీసుకోలేకపోయింది. తిరిగొచ్చాక మా సంస్థలో ఈ విషయం ఎత్తాను. ఇంకా తేలలేదు, అభ్యంతరాలున్నాయి, డబ్బు లేదంటున్నారు. వదిలిపెట్టను. మీరు కూడా వచ్చే బడ్జెట్టులో ఆ పద్దు రాయండి. దాతలు కొట్టేస్తే కొట్టెయ్యనివ్వండి, ముందు మనం కొట్టెయ్యకుండా వుందాం.

చోటు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలని ఎవరైనా అడిగితే ఇప్పుడు నా జవాబు ఒకటే. ఎన్ని చెట్లున్నాయో చూడండి, కానీ ఆ చెట్ల కింద ఎవరు కూర్చోగలుగుతున్నారో చూడండి. వీధి ఊడ్చే స్త్రీ మధ్యాహ్నం ఆ నీడలో కూర్చుని అన్నం తిని, నీళ్ళు తాగి, దగ్గర్లో మరుగుదొడ్డికి వెళ్ళగలిగితే ఆ పేట మనందరికీ నడవడానికి పనికొస్తుంది. లేకపోతే అది కొందరికే.

బయల్దేరే ముందురోజు ఆమె అడిగింది, "అక్కా, ఒక మాట. మీరు దినమూ ఈ చెరువు చుట్టూ నడిచేది దేనికి?" సుగరు అని చెప్పబోయి మానేశాను. "ఊరికే," అన్నాను. ఆమె నవ్వింది. "ఊరికేనా! నాకు పత్రం వచ్చింది కదక్కా, ఇంక నేను కూడా ఒక ఆదివారం చీపురు లేకుండా వచ్చి చూస్తా," అంది.

ఆమె వచ్చిందో లేదో నాకు తెలియదు. వచ్చి బెంచీ మీద కూర్చుంటే ఎవరూ లేవమనకూడదు. నేను మాట్లాడటానికి వచ్చింది ఆ ఆదివారం గురించే.

సెలవు.